తక్కువ ఖర్చులో పదికాలాలు నిలిచే లాప్‌టాప్‌ను ఎంచుకోవడం ఎలా

లాప్‌టాప్ కొనాలనుకునేవారికి మొదట ఎదురయ్యేవి మూడు వివరాలు: ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత. వీటిని పక్కపక్కన పెట్టి పోల్చడం తేలిక కాబట్టి ప్రకటనలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. అయితే నాలుగైదేళ్లు వాడిన లాప్‌టాప్ మూలన పడడానికి కారణం చాలాసార్లు ప్రాసెసర్ కాదు. మూత తిరిగే హింజ్ దగ్గర ప్లాస్టిక్ పగిలిపోవడం, ఛార్జింగ్ పోర్టు వదులైపోవడం, కీబోర్డులో రెండు మూడు మీటలు పనిచేయకపోవడం, వాటిని బాగుచేద్దామంటే విడిభాగం దొరకకపోవడం వంటివే ఎక్కువ కారణమవుతాయి. కాబట్టి బడ్జెట్ పరిమితంగా ఉన్నప్పుడు పాటించదగిన సూత్రం ఒక్కటే: తరువాత మార్చుకోలేని భాగాల మీద ముందుగా డబ్బు పెట్టాలి, మార్చుకోగలిగిన వాటి దగ్గర సర్దుకోవాలి.

బాడీ, హింజ్, మదర్‌బోర్డు (భాగాలన్నీ కలిసే ప్రధాన బోర్డు), దానికి సోల్డర్ చేసి (కరిగించిన లోహంతో శాశ్వతంగా అతికించి) ఉండే ప్రాసెసర్ ఆచరణలో మార్చలేనివి. తెరను మార్చవచ్చు గానీ, పాత లాప్‌టాప్‌కు అంత ఖర్చు పెట్టడం అరుదుగా గిట్టుబాటవుతుంది. ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే స్టోరేజీ డ్రైవ్), బ్యాటరీ, స్లాటులో అమర్చే ర్యామ్, చాలా మోడళ్లలో వైఫై కార్డు సులువుగా మారిపోతాయి. ఈ లెక్కన, గట్టి బాడీ, ఖాళీగా ఉన్న ఒక ర్యామ్ స్లాటు, 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం, పలుచని ప్లాస్టిక్ బాడీలో 16 జీబీ ర్యామ్‌ను సోల్డర్ చేసి ఇచ్చిన యంత్రం కంటే మంచి బేరం, కాగితం మీద రెండోదే మెరుగ్గా కనిపించినా సరే.

ఏ వరుస మోడళ్లను చూడాలి

తయారీదారులు ఇళ్లలో వాడకానికి ఒక రకం, సంస్థలకు అమ్మడానికి మరో రకం తయారుచేస్తారు. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ రెండో రకానికి చెందినవి. వేల సంఖ్యలో యంత్రాలు కొనే సంస్థ ప్రతి చిన్న మరమ్మతుకూ యంత్రాన్ని వారాల తరబడి బయటికి పంపలేదు. అందువల్ల ఈ వరుసల్లో భాగాలను విప్పి మార్చడం తేలికగా ఉంటుంది, మరమ్మతు మాన్యువల్‌ను తయారీదారే తన వెబ్‌సైటులో ఉచితంగా పెడతాడు, విడిభాగాలు కూడా కొన్నేళ్లపాటు దొరుకుతాయి. అవే సంస్థలు మూడు నాలుగేళ్ల తరువాత పాత యంత్రాలను ఒకేసారి వదిలించుకుంటాయి, రీఫర్బిష్డ్ (పాతవాటిని బాగుచేసి మళ్లీ అమ్మే) మార్కెట్టులోకి వచ్చే సరుకులో అధిక భాగం అదే. కొత్తగా దొరికే చౌకరకం ఇంటి మోడల్, దాదాపు అదే ధరకు దొరికే మూడేళ్ల నాటి వ్యాపార మోడల్ నా ముందు ఉంటే నేను రెండోదాన్నే తీసుకుంటాను. అయితే వారంటీ తప్పనిసరి అనుకునేవారికి, పాతదాన్ని పరీక్షించి చూసుకునే ఓపిక లేనివారికి ఈ సలహా సరిపోదు.

పేరును మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. థింక్‌ప్యాడ్ పేరుతో వచ్చే ఇ వరుస, టి వరుస కంటే చౌకగా తయారైనది. డెల్ సంస్థ 2025లో లాటిట్యూడ్ పేరును పక్కనపెట్టి డెల్ ప్రో అనే కొత్త పేరు తెచ్చింది కాబట్టి, కొత్త మోడళ్లలో పాత పేరు కోసం వెతికితే కనిపించదు. 2021లో మొదటి యంత్రాన్ని విడుదల చేసిన ఫ్రేమ్‌వర్క్ సంస్థ లాప్‌టాప్‌లలో దాదాపు ప్రతి భాగాన్నీ కొన్నవారే మార్చుకోవచ్చు గానీ, వాటి ధర చౌక అనిపించుకోదు.

బాడీని, హింజ్‌ను పరీక్షించడం

హింజ్ ఎందుకు విరుగుతుందో తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. మూతను ఏ కోణంలో వదిలితే అక్కడే నిలబెట్టడానికి హింజ్‌లో కావాలనే కొంత బిగుతు ఉంచుతారు. మూత తెరిచిన ప్రతిసారీ ఆ బిగుతును జయించే బలమంతా హింజ్‌ను బాడీకి పట్టి ఉంచే స్క్రూల మీద పడుతుంది. చౌక మోడళ్లలో ఆ స్క్రూలు ప్లాస్టిక్‌లో దిగేసిన చిన్న ఇత్తడి గొట్టాల్లోకి బిగిసి ఉంటాయి. కాలక్రమంలో హింజ్ మరింత బిగుసుకుపోతే లోహం వంగదు, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ పగులుతుంది, ఇత్తడి గొట్టం ఊడి వస్తుంది, ఆపైన మూత తెరిచినప్పుడల్లా కింది బాడీ విచ్చుకుంటుంది. మంచి మోడళ్లలో హింజ్‌ను మెగ్నీషియం మిశ్రమం వంటి లోహపు చట్రానికి బిగిస్తారు కాబట్టి ఈ సమస్య చాలా అరుదు.

చేతిలోకి తీసుకున్నప్పుడు మూతను మధ్యలో కాకుండా ఒక మూల పట్టుకుని నెమ్మదిగా తెరవాలి. రెండో మూల బాగా వెనకబడి వస్తున్నా, హింజ్ దగ్గర తెర చుట్టూ ఉండే అంచు విడిపోతున్నట్టు కనిపించినా, టక్కుమనే చప్పుడు వినిపించినా ఆ యంత్రాన్ని వదిలేయడం మేలు. పలుచని ప్లాస్టిక్ బాడీకి మరీ బిగుతైన హింజ్ ఉంటే అది గట్టితనానికి గుర్తు కాదు, రేపు పగలబోతున్నదన్న సూచన. తరువాత కీబోర్డు మధ్యలో వేలితో నొక్కి చూడాలి, ముందువైపు ఒక మూల పట్టుకుని మొత్తం యంత్రాన్ని ఎత్తి చూడాలి. కొద్దిగా వంగడం సహజమే గానీ, కిర్రుమని శబ్దం చేస్తూ మెలితిరిగితే ఆ వంపు రోజూ మదర్‌బోర్డు మీద కూడా పడుతుందని అర్థం.

లోహపు బాడీ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ప్రకటనలో మెటల్ అని రాసినా మూత పైభాగం ఒక్కటే అల్యూమినియం, మిగిలినదంతా ప్లాస్టిక్ అయిన మోడళ్లు చాలానే ఉన్నాయి. పైగా పలుచని అల్యూమినియం రేకు దెబ్బ తగిలితే సొట్ట పడి అలాగే ఉండిపోతుంది, గాజు పీచు లేదా కార్బన్ పీచు కలిపిన మంచి ప్లాస్టిక్ వంగి మళ్లీ మామూలవుతుంది. అందువల్ల ప్లాస్టిక్ అనగానే తీసిపారేయనక్కరలేదు.

ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అనే ముద్ర కూడా ఇలాంటిదే. అది అమెరికా రక్షణ శాఖ ప్రమాణం, 2019లో వచ్చిన హెచ్ కూర్పు పేరు ఇప్పటి మోడళ్ల మీద తరచుగా కనిపిస్తుంది. అందులో వేడి, చలి, ధూళి, కుదుపు, కింద పడడం వంటి ఎన్నో పరీక్షలున్నాయి గానీ, వాటిలో ఏవి, ఎంత తీవ్రతతో చేయాలో తయారీదారే ఎంచుకుంటాడు, ఫలితానికి ధ్రువపత్రం ఇచ్చే అధికారిక సంస్థ ఏదీ లేదు. ఏయే పరీక్షలు చేశారో వివరంగా చెప్పిన మోడల్‌కు కొంత విలువ ఇవ్వవచ్చు, ముద్ర మాత్రమే వేసి ఊరుకున్నదానికి ఇవ్వనక్కరలేదు.

కొనకముందే మాన్యువల్ చదవడం

ఎంతోమంది దాటవేసే పని ఇది, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే. మోడల్ పేరుతో సర్వీస్ మాన్యువల్ లేదా హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అని వెతికితే తయారీదారు ఇచ్చిన పీడీఎఫ్ దొరుకుతుంది. అసలు దొరకకపోతే అది కూడా ఒక సమాచారమే. అందులో బ్యాటరీ తీయడానికి ముందు ఎన్ని భాగాలు విప్పాలో చూడాలి. అడుగు మూత తీయగానే నాలుగైదు స్క్రూలతో బ్యాటరీ బయటికి వస్తే చాలా మంచిది, జిగురుతో అతికించి ఉంటే కష్టం. కీబోర్డు విడిగా వస్తుందో, అరచేతులు ఆనే పై ప్యానెల్‌తో కలిపి మార్చాలో చూడాలి. ఆ ప్యానెల్‌కు కీబోర్డును ప్లాస్టిక్ రివెట్లతో బిగించిన మోడళ్లలో ఒక్క మీట పోయినా మొత్తం ప్యానెల్ మార్చమంటారు.

ఛార్జింగ్ పోర్టు ఎక్కడ అమర్చారన్నది కూడా ఆ బొమ్మల్లోనే తెలుస్తుంది. పాత గుండ్రని పిన్ పోర్టులు తరచుగా చిన్న కేబుల్ చివర విడిగా ఉంటాయి, పాడైతే ఆ కేబుల్ మారిస్తే సరిపోతుంది. యూఎస్‌బీ-సీ పోర్టును నేరుగా మదర్‌బోర్డుకే సోల్డర్ చేస్తే మరమ్మతు నిపుణుల పని అవుతుంది. అలాంటప్పుడు ఛార్జింగ్‌కు పనికివచ్చే యూఎస్‌బీ-సీ పోర్టులు రెండున్న మోడల్‌ను ఎంచుకుంటే ఒకటి పోయినా మరొకటి ఆదుకుంటుంది. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి లాప్‌టాప్‌లకు పదికి ఎన్ని మార్కులన్న లెక్కన మరమ్మతు సూచిక ప్రకటించడం తప్పనిసరి. విడిభాగాల లభ్యత, విప్పడంలో సౌలభ్యం అందులో లెక్కకు వస్తాయి కాబట్టి ఏ దేశంలో కొనేవారైనా ఆ అంకెను చూసుకోవచ్చు.

ప్రాసెసర్, ర్యామ్, తెర

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ప్రాసెసర్ విషయంలో కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీ లాప్‌టాప్ ప్రాసెసర్లలో రైజెన్ 3000 వరుస, ఆపై వచ్చినవి కావాలి. తక్కువ విద్యుత్తు వాడే ఇంటెల్ యు రకం ప్రాసెసర్లలో కోర్ల సంఖ్య రెండు నుంచి నాలుగుకు పెరిగినది కూడా 8వ తరంలోనే కాబట్టి, పాత యంత్రం కొనేవారికి అది సహజమైన కనీస హద్దు. లినక్స్ వాడేవారు ఇంకా వెనక్కి వెళ్లవచ్చు గానీ, ధరలో మిగిలేది అంతగా ఉండదు.

ఏఎండీ పేర్లలో ఒక మెలిక ఉంది. 7000 వరుస లాప్‌టాప్ ప్రాసెసర్లలో మొదటి అంకె సంవత్సరాన్ని సూచిస్తుంది, డిజైన్ ఎంత కొత్తదో చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7520యు లోపల ఉన్న డిజైన్ జెన్ 2, 7530యులో జెన్ 3, 7540యులో జెన్ 4. పేర్లు పక్కపక్కన ఉన్నా తరాలు వేరు.

ర్యామ్ 16 జీబీ ఉంటే సాధారణ పనులకు కొన్నేళ్లు నిశ్చింత. సోల్డర్ చేసిన ర్యామ్ అయితే 8 జీబీతో సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే అది ఎప్పటికీ 8 జీబీయే. స్టోరేజీ తక్కువున్నా పరవాలేదు గానీ, ఈఎంఎంసీ అని రాసి ఉంటే మాత్రం వద్దు. అది నెమ్మదైనది, పైగా బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది.

తెర విషయంలో ఐపీఎస్ ప్యానెల్ (ఏ కోణం నుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం), 1920×1080 రిజల్యూషన్, 300 నిట్స్ వెలుతురు ఉంటే కళ్లకు ఇబ్బంది ఉండదు. వ్యాపార మోడళ్లలోని అసలు చిక్కు ఇక్కడే ఉంది: ఒకే మోడల్ పేరుతో మంచి తెర ఉన్నవీ, 1366×768 టీఎన్ ప్యానెల్ (చౌకరకం తెర) పెట్టినవీ రెండూ తయారయ్యాయి. కింది నుంచి చూసినప్పుడు రంగులు తిరగబడినట్టు కనిపిస్తే అది టీఎన్.

పాతది కొనేటప్పుడు చేయవలసిన తనిఖీ

మొదట యంత్రాన్ని బల్లమీద మూసి పెట్టి పక్కనుంచి చూడాలి. మూత సమంగా కూర్చోకపోయినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు ఉబ్బినట్టున్నా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు, అది ప్రమాదకరం. తరువాత విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండుతో (powercfg /batteryreport) బ్యాటరీ రిపోర్టు తీయాలి. అందులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా నిండినప్పుడు ఉండే సామర్థ్యం రెండూ ఉంటాయి. రెండోది మొదటిదానిలో 80 శాతం కంటే బాగా తగ్గితే కొత్త బ్యాటరీ ధరను కలుపుకుని బేరం చేయాలి. బ్యాటరీ అరిగిందన్న ఒక్క కారణంతో మంచి యంత్రాన్ని వదులుకోవద్దు.

సంస్థల నుంచి వచ్చిన యంత్రాల్లో తాళాలు మిగిలిపోవచ్చు. బయోస్‌లోకి (యంత్రం ఆన్ కాగానే, విండోస్‌కు ముందు వచ్చే సెట్టింగులలోకి) వెళ్లినప్పుడు పాస్‌వర్డ్ అడగకూడదు. విండోస్‌ను రీసెట్ చేసి ఇంటర్నెట్‌కు కలిపినప్పుడు ఏదో సంస్థ పేరు చూపించి లాగిన్ కమ్మంటే, ఆ యంత్రం ఇంకా ఆ సంస్థ జాబితాలోనే ఉందని అర్థం, ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకూడదు. మ్యాక్‌బుక్‌లో యాక్టివేషన్ లాక్ కూడా ఇలాంటిదే.

ప్రతి మీటనూ నొక్కి, ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూడాలి. ఛార్జర్ పెట్టి కేబుల్‌ను కొద్దిగా కదిలించినప్పుడు ఛార్జింగ్ ఆగిపోకూడదు. తెరను పూర్తిగా తెలుపు, తరువాత పూర్తిగా నలుపు చేసి మచ్చలు వెతకాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాంతో ఎస్ఎస్‌డీ ఆరోగ్యం తెలుస్తుంది. చివరగా అరగంట పాటు ప్రాసెసర్‌కు బాగా పని కల్పించి ఫ్యాన్ చప్పుడు వినాలి. ఫ్యాన్ గరగరలాడినా, యంత్రం దానంతటదే ఆగిపోయినా లోపం ఉన్నట్టే. అయితే వేడెక్కి నెమ్మదించడం మాత్రమే గమనిస్తే, దుమ్ము దులిపి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి లాగడానికి పూసే పదార్థం) మార్చడంతో అది సర్దుకునే అవకాశం ఎక్కువ, ఆ సంగతి అమ్మేవారికి చెప్పి ధర తగ్గించమని అడగవచ్చు.

కొన్న తరువాత లిథియం బ్యాటరీని ఎప్పుడూ నూటికి నూరు శాతం నింపి ఛార్జర్‌కే తగిలించి ఉంచితే త్వరగా అరుగుతుంది. వ్యాపార మోడళ్లలో చాలావరకు బయోస్‌లో గానీ తయారీదారు ప్రోగ్రాంలో గానీ 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉంటుంది, బల్లమీదే ఎక్కువగా వాడేవారు దాన్ని మొదటి రోజే ఆన్ చేసుకోవాలి. ముందుచూపుతో అదనపు బ్యాటరీ కొని దాచుకోవడం వల్ల లాభం లేదు, వాడకుండా పెట్టె లోపల ఉన్నా అది క్రమంగా సామర్థ్యం కోల్పోతుంది. అవసరమైనప్పుడు అసలు తయారీదారు పార్ట్ నంబరు చూసి కొత్తగా తయారైనదాన్ని కొనాలి.