తప్పించుకు తిరుగుతున్న చోటికి మళ్లీ వెళ్లడం ఎలా?

యాక్సిడెంట్ జరిగిన రోడ్డు, ఆ వాసన, ఆ చప్పుడు... వీటిని తప్పించుకున్న ప్రతిసారీ గుండెదడ తగ్గుతుంది, భయం మాత్రం ముదురుతుంది. ఇప్పుడక్కడ ముప్పు లేదని తెలుసుకునే అవకాశం మెదడుకు దక్కదు మరి.

భయపెట్టేవాటిని మెల్లమెల్లగా ఎదుర్కొనే ఎక్స్‌పోజర్ థెరపీ ఆ అవకాశాన్నే ఇస్తుంది. శిక్షణ పొందిన థెరపిస్టుతో కూర్చుని, దూరం పెడుతున్నవన్నీ రాసి, ఒక్కోదానికి 0 నుంచి 100 వరకు భయం మార్కులు వేయండి. నిజంగా ప్రమాదకరమైనవి కొట్టేయండి. 40-50 మార్కులున్న దానితో మొదలుపెట్టండి. భయం బాగా దిగేదాకా, సాధారణంగా 30-45 నిమిషాలు, అక్కడే ఉండండి. మధ్యలో వచ్చేస్తే, పారిపోవడమే కాపాడిందన్న నమ్మకం గట్టిపడుతుంది. ఫోన్‌లో తలదూర్చి కూర్చున్నా అంతే.

మొదట్లో కొందరికి పీడకలలు, ఏడుపు పెరుగుతాయి. అక్కడే మానేయాలనిపిస్తుంది, దయచేసి మానకండి, థెరపిస్టుకు చెప్పండి. ఆత్మహత్య ఆలోచనలు వస్తుంటే మాత్రం వెంటనే థెరపిస్టుకు చెప్పండి, ప్రాణానికి ముప్పు ఉంటే ముందు దానికే చికిత్స.