కలర్ లేజర్ ప్రింటర్ కొంటున్నారా? ముందు టోనర్ రేటు అడగండి

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ఆఫీసు. నాలుగు సిస్టమ్‌లు, అన్నిటికీ కలిపి ఒకటే కలర్ లేజర్ ప్రింటర్. కొనేటప్పుడు ప్రింటర్ రేటు ఒక్కటే చూసి బోల్తాపడ్డాం. దీనికి టోనర్లు (రంగు పొడి ఉండే డబ్బాలు) నాలుగు: నలుపు, సయాన్, మెజెంటా, పసుపు. కొత్త ప్రింటర్‌తో పాటు వచ్చేవి చాలా మోడళ్లలో పూర్తిగా నింపినవి కావు. అవి అయిపోయాక నాలుగూ కొనబోతే బిల్లు ఇంచుమించు ప్రింటర్ రేటంత అయింది!

అందుకే షాపులోనే టోనర్ రేటు, దానికి ఎన్ని పేజీలు వస్తాయో అడిగి, పేజీకి ఎంత పడుతుందో లెక్కేసుకోండి. డబ్బా మీద ఉండే పేజీల సంఖ్య, ఒక్కో రంగూ పేజీలో 5 శాతం మేరే పడితే వచ్చే లెక్క. నిండా ఫొటోలున్న పాంప్లెట్లు కొడితే అందులో సగం కూడా రావు.

వైఫై ఉందిలే అని సరిపెట్టుకోకుండా, వెనకాల లాన్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు) ఉందో లేదో చూడండి. కేబుల్‌తో రూటర్‌కి కలిపి, రూటర్ సెట్టింగ్స్‌లో ప్రింటర్‌కి ఒక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) మారకుండా రిజర్వ్ చేసేయండి. మాకు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అడ్రస్ మారిపోయి, స్క్రీన్ మీద ‘ఆఫ్‌లైన్’ అని పడేది. ఎదురుగా కస్టమర్, మనకి టెన్షన్.

రెండు వైపులా దానంతటదే ప్రింట్ తీసేదైతే మంచిది, పేపర్ మిగులుతుంది.

అన్నట్టు, దీన్ని కంప్యూటర్ యూపీఎస్‌కి మాత్రం తగిలించకండి. లోపల పొడిని వేడితో కాగితానికి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వెయ్యి వాట్ల దాకా లాగేవి ఉంటాయి. యూపీఎస్ కుయ్యోమని అరిచి, సిస్టమ్‌తో సహా ఆగిపోతుంది.