పాత కంప్యూటర్ల ల్యాబ్‌లో నెట్‌వర్క్ ఊరికే తెగిపోతుంటే

ఎక్స్‌పీ, విండోస్ 7 సిస్టమ్‌లు ఇరవై ముప్ఫై ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) తగిలించి నడిపే ల్యాబ్‌లు ఇంకా ఉన్నాయి. కనెక్షన్ తెగ్గానే చాలామంది కొత్త స్విచ్ కొనేస్తారు. దయచేసి ఆ ఖర్చు చివరికి ఉంచండి. ముందు తెగుతున్నది ఒక్క సిస్టమ్‌కా, అన్నిటికీ ఒకేసారా అన్నది తేల్చుకోండి. రెండు మూడు సిస్టమ్‌లలో సర్వర్‌కి పింగ్ (అవతలి సిస్టమ్ జవాబిస్తోందా అని చూసే కమాండ్) ఆగకుండా నడిచేలా పెట్టి, తెగిన టైమ్ కాగితం మీద రాయండి.

అన్నీ ఒకేసారి పడిపోయి, స్విచ్ లైట్లన్నీ ఆగకుండా కలిసి కొట్టుకుంటుంటే లూప్ ఉందేమో చూడండి. ఒకే కేబుల్ రెండు చివరలూ ఎవరో అదే స్విచ్‌లో గుచ్చి ఉంటారు.

ఒక్కటే పడిపోతుంటే మొదటి అనుమానం కేబుల్ మీదే. నాకు రెండు రోజులు పట్టిన కేసు ఒకటి చెప్తాను. కేబుల్ టెస్టర్‌లో 8 తీగలకూ 1 నుంచి 8 వరకు లైట్లు వరసగా వెలిగాయి, పింగ్ కూడా బాగానే వస్తోంది, కానీ పెద్ద ఫైల్ కాపీ పెడితే సగంలో ఆగిపోయేది. కనెక్టర్‌ని వెలుతురులో పెట్టి చూస్తే, క్రింప్ చేసినవాళ్లు (తీగలను కనెక్టర్‌లో నొక్కి బిగించినవాళ్లు) మెలేసి ఉన్న తీగల జతలను పక్కపక్కనే పేర్చేశారు: 3వ స్థానంలో ఆకుపచ్చ-తెలుపు, 6లో నీలం. 100 ఎంబీపీఎస్ వేగానికి 1, 2, 3, 6 తీగలే పని చేస్తాయి, అందులో 3, 6 ఒకే మెలిక జతలోవి కావాలి, లేకపోతే సిగ్నల్ పక్క తీగలోకి పాకుతుంది. టెస్టర్ దీన్ని పట్టుకోలేదు, కంటితోనే చూడాలి. సరైన వరస: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. రెండు చివరలా ఇదే. తిరిగి క్రింప్ చేశాక ఆ సిస్టమ్ మళ్లీ పడలేదు.

కేబుల్ బాగుంటే సిస్టమ్‌లోని నెట్‌వర్క్ కార్డ్ సెట్టింగ్స్‌కి వెళ్లండి. ఎవరైనా 100 ఫుల్ డూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారి) అని పెట్టేసి ఉంటే, ఆటోలో ఉన్న స్విచ్ హాఫ్‌కి (ఒకసారికి ఏదో ఒకటే) దిగిపోతుంది, లోడ్ పెరిగితే ఎర్రర్లే ఎర్రర్లు. రెండు వైపులా ఆటోలో పెట్టండి. పవర్ ఆదా కోసం కార్డ్‌ని ఆపేసే టిక్ కూడా తీసేయండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఉదయం బాగున్నది క్లాస్ నిండాక తెగుతోందంటే, ఫైళ్లు ఏ సిస్టమ్‌లో షేర్ చేశారో చూడండి. ఎక్స్‌పీ ప్రొఫెషనల్ ఒకేసారి 10 కనెక్షన్లే తీసుకుంటుంది, విండోస్ 7 అయితే 20. పదకొండో పిల్లాడికి అందకపోవడం కేబుల్ తప్పు కాదు. ఒక పాత సిస్టమ్‌లో లైనక్స్, సాంబా (విండోస్ సిస్టమ్‌లకి ఫైళ్లు షేర్ చేసే సాఫ్ట్‌వేర్) వేసి ఫైళ్లు అందులోకి మార్చండి. ఎక్స్‌పీ కోసం ఎస్‌ఎంబీ1 (ఫైళ్లు షేర్ చేసే పాత పద్ధతి) ఆన్ చేయక తప్పదు, అది భద్రత లేనిది కాబట్టి ఆ ల్యాబ్‌కి ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకండి.