మెలిక ముగ్గులోని ముడినీ, ఇంటిపేరులోని ఊరినీ విప్పి చూడడం ఎలా?

ధనుర్మాసపు తెల్లవారుజామున మైలాపూరు మాడవీధుల్లో నడిచేవారికి గుమ్మాల ముందు చుక్కలను చుట్టుకుంటూ సాగిన ముగ్గులు కనబడతాయి. చెన్నైలో వీటిని సిక్కు కోలం అంటారు, మనం మెలిక ముగ్గు అంటాం. ఆ సిక్కూ మన చిక్కూ ఒకటే మాట. ఆ ముగ్గులో గీత తనను తాను ఎన్నోసార్లు దాటుతుంది గానీ, దాటిన చోట ఏ పోగు పైన ఉందో, ఏది కింద ఉందో నేల మీది పిండి చెప్పదు. ఈ నగరంలోని తెలుగువారి ఇంటిపేర్లకూ ఇదే ఇబ్బంది ఉంది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ఇంగ్లీషు స్పెల్లింగులో ద, డ లకు ఒకటే అక్షరం కావడం వల్ల, కాగితం మీదికి ఎక్కిన పేరు చాలాసార్లు అసలు పేరుకు నీడ మాత్రమే అవుతుంది. నీడను చూసి అసలు వస్తువును పట్టుకోవడానికి గణితంలోని ముడుల సిద్ధాంతం ఒక క్రమం ఏర్పరచింది. ఆ క్రమాన్ని ముందు తాడుతోనూ, తరువాత పేర్లతోనూ నడిపి చూద్దాం.

ఒకటిన్నర మీటరు పురికొస, కాస్త టేపు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు, నాలుగు తెల్లకాగితాలు దగ్గర పెట్టుకోండి. చార్జరు వైరు వాడవద్దు. అది బిరుసుగా ఉండి, పెట్టిన చోట నిలవదు.

1. ముడి అంటే ఏమిటో ముందు ఒప్పుకోండి

గణితంలో ముడి అంటే కొసలు కలిసిపోయిన తాడు. కొసలు విడిగా ఉన్నంతకాలం ఎంతటి చిక్కునైనా ఓపిగ్గా విప్పవచ్చు కనుక, విప్పడం సాధ్యమా కాదా అన్న ప్రశ్నకే అర్థం ఉండదు. ఆ లెక్కన పెళ్లిలో వేసే మూడు ముళ్లు గణితంలో ముళ్లు కావు. ఈ మాట పురోహితుడి ఎదుట అనకపోవడం మంచిది. ఏ మెలికా లేని వట్టి వలయాన్ని కూడా గణితజ్ఞులు ముడుల్లోనే లెక్కవేసి, దాన్ని ‘విడిముడి’ అనదగిన అర్థంలో పిలుస్తారు.

2. మూడు చుక్కల ముగ్గు వేయండి

కాగితం మీద త్రికోణంగా మూడు చుక్కలు పెట్టండి. మొదటి చుక్కను బయటి వైపు నుంచి చుట్టి, దానికీ రెండో చుక్కకూ మధ్యనున్న సందులోంచి లోపలికి వెళ్లండి. రెండో చుక్కను లోపలి వైపు నుంచి దాటి, తరువాతి సందులోంచి బయటికి వచ్చి, మూడో చుక్కను బయటి నుంచి చుట్టండి. ఒక చుక్కకు బయట, మరుసటి చుక్కకు లోపల అన్న నియమం తప్పకుండా రెండు చుట్లు తిరిగితే గీత మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. ప్రతి సందులోనూ గీత తనను తాను ఒకసారి దాటుతుంది కనుక మొత్తం మూడు కూడళ్లు ఏర్పడతాయి.

ఇదే నియమంతో చతురస్రంగా పెట్టిన నాలుగు చుక్కలను చుట్టి చూడండి. ఒక్క చుట్టులోనే గీత మూసుకుపోతుంది, సగం ముగ్గు మిగిలిపోతుంది. దాన్ని పూర్తిచేయడానికి రెండో గీత కావాలి. లోపల, బయట అన్న వంతులు సరిసంఖ్యలో ఒక్క చుట్టుకే సరిపోతాయి, బేసిసంఖ్యలో సరిపోవు. తేడా అంతా అక్కడే ఉంది. చేయి తిరిగిన ముగ్గుగత్తెలకు ఈ సంగతి లెక్క చెప్పకుండానే తెలుసు. తాంబరంలోని మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి, ఆయన సహచరులు 1970లలో ఈ ముగ్గుల నియమాలను వ్యాకరణసూత్రాల రూపంలో రాసి, కంప్యూటర్ శాస్త్రంలోకి తీసుకువెళ్లారు.

3. గీత మీద తాడు పరచండి

ఇప్పుడు పురికొసను మూడు చుక్కల గీత వెంబడి పరుస్తూ, ఒక కూడలిలో పైనుంచి, తరువాతి కూడలిలో కిందినుంచి, మళ్లీ పైనుంచి పోనివ్వండి. చివర రెండు కొసలనూ టేపుతో అతికించండి. విప్పడం సాధ్యం కాని ముడుల్లో అతి చిన్నది ఇదే. దీని ఇంగ్లీషు పేరు ట్రెఫాయిల్, మూడు ఆకులు అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి వచ్చింది. మన కంటికి మాత్రం ఇది మారేడు దళంలాగే కనబడుతుంది.

నాలుగు కూడళ్ల ముడి ఒక్కటే ఉంది, అయిదు కూడళ్లవి రెండు, ఆరువి మూడు, ఏడువి ఏడు. పది కూడళ్ల దగ్గరికి వచ్చేసరికి, అద్దపు ప్రతిబింబాలను వేరుగా లెక్కించకపోయినా, చిన్న ముడులను జోడించి చేసినవాటిని వదిలేసినా, ఆ సంఖ్య 165 అవుతుంది. ఈ జాబితాకు పునాది ఒక పొరబాటు మీద పడింది. 1867లో లార్డ్ కెల్విన్ పరమాణువులు ఈథర్‌లోని (అంతటా నిండి ఉందని ఆనాడు నమ్మిన పదార్థంలోని) సుడుల ముడులు కావచ్చునని ఊహించగా, స్కాట్లండుకు చెందిన భౌతికశాస్త్రవేత్త టేట్ ఆ ముడులను వరసగా పట్టిక వేయడానికి పూనుకున్నాడు. ఊహ వీగిపోయింది, పట్టిక నిలిచింది.

4. విప్పలేమని రుజువు చేయండి

ఎంతసేపు లాగినా రాలేదన్నది రుజువు కాదు. ఇంకో గంట లాగితే వచ్చేదేమో. అందుకని తాడును ఎలా జరిపినా మారని గుర్తు ఒకటి పట్టుకోవాలి.

1927లో జర్మన్ గణితజ్ఞుడు కుర్ట్ రైడెమైస్టర్ ప్రచురించిన ఫలితం ఇక్కడ ఆధారం. తాడును తెంచకుండా చేయగలిగే మార్పులన్నీ బొమ్మ మీద మూడే కదలికలుగా కనబడతాయి: ఒక పోగులో మెలిక వేయడం లేదా తీయడం, ఒక పోగును మరొకదాని మీదికి జరపడం లేదా తప్పించడం, ఒక కూడలి పైనుంచో కిందినుంచో మూడో పోగును ఆ పక్కకు తోయడం. ఈ మూడింటికీ చెక్కుచెదరని గుర్తు ఏదైనా సరే పనికివస్తుంది.

వాటిలో అందరూ చేయగలిగినది రంగుల పరీక్ష. బొమ్మలో ఒక కూడలి కింద మొదలై, మళ్లీ మరో కూడలి కిందికి పోయేదాకా తెగకుండా కనబడే పోగును ఒక ముక్క అనుకోండి. ప్రతి ముక్కకూ ఒక రంగు వేయాలి. ప్రతి కూడలిలో కలిసే పోగులు మూడూ ఒకే రంగులో ఉండాలి, లేదా మూడూ మూడు రంగుల్లో ఉండాలి. మొత్తం మీద కనీసం రెండు రంగులు వాడాలి. మారేడు దళం ముడిలో ముక్కలు మూడే, ప్రతి కూడలిలోనూ ఆ మూడూ కలుస్తాయి కనుక ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వేస్తే పరీక్ష నెగ్గుతుంది. వట్టి వలయంలో ఒకే ముక్క ఉండడం వల్ల రెండో రంగుకు చోటే లేదు. కాబట్టి ఈ ముడి ఏనాటికీ వలయం కాజాలదు.

ఒక జాగ్రత్త అవసరం. నాలుగు కూడళ్ల ముడికి ఈ రంగులు పడవు, అయినా అది విడిపోయే ముడి కాదు. గుర్తు వేరైతే ముడులు వేరని చెప్పవచ్చు గానీ, గుర్తు ఒకటే అయినంత మాత్రాన ముడులు ఒకటని చెప్పకూడదు. ఒకటని చెప్పాలంటే కదలికలు వరసగా చేసి చూపవలసిందే. 1899లో లిటిల్ అనే గణితజ్ఞుడు వేసిన ముడుల పట్టికలో రెండుగా ఉన్న పది కూడళ్ల ముడులు నిజానికి ఒకటేనని 1974లో పెర్కో అనే న్యూయార్కు న్యాయవాది చూపేదాకా, సుమారు 75 ఏళ్లు, ఆ తప్పు అలాగే చెల్లుబాటైంది.

కూడళ్లు ఎక్కువుంటే ముడి గట్టిదన్న భ్రమ పోవడానికి, మధ్యన ఒక చుక్క, నాలుగు దిక్కులా నాలుగు చుక్కలు పెట్టి మెలిక ముగ్గు వేయండి. కూడళ్లు నాలుగు వస్తాయి. అయితే ఒక్కొక్క రెక్కనూ పట్టి అరచుట్టు తిప్పితే దాని మొదట ఉన్న కూడలి మాయమవుతుంది. నాలుగూ తిప్పాక చేతిలో మిగిలేది వట్టి వలయం. ఇలా తిప్పి తీసేయగల కూడలి ఒక్కటీ లేని ముగ్గు మీద, పైన, కింద అని వంతులవారీగా తాడు పరిస్తే, ఆ కూడళ్లలో ఒక్కదాన్నీ తగ్గించలేమని 1987లో రుజువైంది. ఆ రుజువుకు వాన్ జోన్స్ 1984లో కనిపెట్టిన, ముడికి గుర్తుగా పనిచేసే బహుపది దారి చూపింది. ఆయనకు 1990లో ఫీల్డ్స్ పతకం వచ్చింది.

5. పేర్లను అదే పద్ధతిలో విప్పండి

ముందు ఈ గణితజ్ఞుల పేర్లతోనే చేయి తిప్పుకోవచ్చు. జర్మనీలోని సావర్‌లాండ్ కొండప్రాంతంలో ఇనుప తీగలు, లోహపు సామాను తయారుచేయించే యజమానులను రైడెమైస్టర్లు అనేవారు. తీగల వృత్తిపేరు ముడుల మనిషికి ఇంటిపేరుగా దొరకడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. వాన్ అన్నది చిన్నవాడు అనే అర్థంలో వెల్ష్ భాషలో పుట్టిన మాట, లిటిల్ అన్నా చిన్నే, మన చిన్నయసూరిలోనూ ఉన్నది చిన్నే. జోన్స్ అంటే జాన్ తాలూకు మనిషి. చివరి ‘స్’ ఇంగ్లీషు షష్ఠీవిభక్తి.

తెలుగు ఇంటిపేర్లలోనూ ఆ షష్ఠే దాగి ఉంటుంది. ఊరు అన్న మాట సంబంధం చెప్పేటప్పుడు ఊరి అవుతుంది, పాడు పాటి అవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు చెప్పిన పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలన్నాడు. కనుక వేటూరి అన్న పేరును వెనక్కి తిప్పితే వేటూరు, చిలకపాటిని తిప్పితే చిలకపాడు అన్న రూపాలు వస్తాయి. పల్లి అన్న మాట మారదు కనుక దేవులపల్లి వంటి పేర్లలో తిప్పవలసిందేమీ లేదు.

ఈ పని మొదలుపెట్టే ముందు పేరును తెలుగు లిపిలో రాయించుకోండి. చెన్నైలో చాలా తెలుగు ఇళ్లలో బడి రికార్డుల్లో తండ్రిపేరు తాలూకు ఇనిషియలే మిగిలి, ఇంటిపేరు శుభలేఖలోనూ, పెద్దల నోటిలోనూ మాత్రమే బతికి ఉంటుంది. అందుచేత ఆధార్ కార్డు కన్నా పాత శుభలేఖ నమ్మదగిన ఆధారం. పలకడం తెలిసిన పెద్దవారుంటే, “పిన్నిగారూ, మన పేరులో పలికేది ద నా, డ నా?” అని అడిగి రాసుకోవడం ఇంకా మేలు.

అర్థం చూసి గెంతకూడదు. గ్రంథి అంటే సంస్కృతంలో ముడి. తాళపత్రాలను తాడుతో గుచ్చి కట్టడం వల్ల పుస్తకం గ్రంథమైంది. అలాగని గ్రంథి అన్న ఇంటిపేరు కలవారి పూర్వులు ముళ్లు వేసేవారనో, పుస్తకాలు కట్టేవారనో అనుకోవడం పొరబాటు. ముడిచమురులోని ముడి, తాడుకు వేసే ముడి కూడా అక్షరాలు కలిసినంత మాత్రాన ఒకటి కావు.

రెండు కుటుంబాలది ఒకటే ఇంటిపేరైనప్పుడు గోత్రం రంగుల పరీక్షలా పనిచేస్తుంది. దత్తత జరిగి ఉంటే తప్ప, గోత్రాలు వేరైతే వంశాలు వేరు. ఒకే ఊరి నుంచి వచ్చిన ఇద్దరికి ఆ ఊరి పేరే అంటుకుని ఉంటుంది. గోత్రం కలిసినంతలో మాత్రం చుట్టరికం తేలదు. అక్కడి నుంచి తాత, ముత్తాత, ఆయన తండ్రి అంటూ రెండు వైపులా ఒక్కొక్క తరమే వెనక్కి రాసుకుంటూ, రెండు వరసలూ ఒకే మనిషి దగ్గర కలిసేదాకా పోవాలి. మధ్యలో ఒక్క తరం తెలియకపోతే ఆ గడిని ఖాళీగానే ఉంచండి.