సంఘ సభ్యుల జాబితా ఆన్‌లైన్‌లో పెడుతున్నారా? ముందు ఈ పనులు చేయండి

శ్రీకాకుళంలో మా చర్చి సంఘం రిజిస్టర్ చాలా ఏళ్లు బీరువాలోనే ఉండేది. ఎవరి నంబరైనా కావాలంటే ఆదివారం ఆరాధన అయ్యాక కార్యదర్శి గారిని అడగాలి. తర్వాత అది గూగుల్ షీట్ అయింది, లింకు వాట్సాప్‌లో తిరిగింది. ఓ రోజు టెక్కలి దగ్గర ఉండే పెద్దమ్మ ఒకావిడ ఫోన్ చేసి, "ఏటి బాబూ, అయ్యగారికి అంత అవసరమొచ్చిందా?" అంది. పాస్టర్ గారి ఫొటో డీపీగా ఉన్న కొత్త నంబరు నుంచి డబ్బు అడుగుతూ ఆమెకు మెసేజ్ వచ్చిందట. అందులో ఆమె పేరూ, కొడుకు మస్కట్‌లో ఉన్న సంగతీ ఉన్నాయి. మా షీట్‌లో ఉన్నవీ అవే. ఆ షీట్ తయారు చేసింది నేనే.

మొదటి పని, కాలమ్‌లు తగ్గించడం. పేరు, ఫోన్ చాలు. పుట్టినరోజు శుభాకాంక్షలకు తేదీ, నెల ఉంటే సరిపోతుంది, సంవత్సరం ఎందుకు? ఆధార్, కానుకల లెక్క, ప్రార్థన విన్నపాలు ఇందులోకి రానే కూడదు. ఫలానా అక్కకు గర్భసంచి ఆపరేషన్ అని షీట్‌లో ఎక్కించిన సంఘాన్ని నేను చూశాను! ఇక మన జిల్లాలో వలసలు ఎక్కువ. "కొడుకు గల్ఫ్" అని రాసి పక్కనే డోర్ నంబరు ఇస్తే, ఇంట్లో ముసలామె ఒక్కతే ఉందని చాటింపు వేసినట్టే.

రెండోది, ఎవరికి వారిని విడిగా అడగండి. ఇంటి పెద్ద సరేనంటే ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టు కాదు. ఇంట్లో చెప్పకుండా ప్రార్థనకు వచ్చేవాళ్లుంటారు. జాబితాలో పేరు కనబడితే వాళ్లకు ఎంత గొడవో బయటివాళ్లకు తెలియదు. వద్దన్నవాళ్లను కారణం అడక్కండి. సండే స్కూల్ పిల్లల వివరాలు అసలు పెట్టకపోవడమే మేలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది, తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది.

షీట్‌లో షేర్ బటన్ నొక్కి, "ఎనీవన్ విత్ ద లింక్" అని ఉంటే "రెస్ట్రిక్టెడ్"కి మార్చండి. అక్కడే గేర్ గుర్తులో, చూసేవాళ్లు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ చేసుకునే వీలు తీసేయండి. స్క్రీన్‌షాట్‌ను మాత్రం ఏ సెట్టింగూ ఆపదు. తర్వాత ఇన్‌కాగ్నిటో విండోలో (మీ లాగిన్ లేని ప్రైవేట్ విండో) లింకు తెరిచి చూడండి. లాగిన్ అడగకుండా తెరుచుకుంటే పని కానట్టే. కాలమ్‌ను హైడ్ చేసి ఊరుకోవద్దు, తీసేయండి. పీడీఎఫ్ చేసి పంపడం ఇంకా ప్రమాదం, ఒకసారి వెళ్లాక వెనక్కి రాదు.

వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ప్రకటనల వరకే అయితే కమ్యూనిటీ అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడండి, అందులో సభ్యుల నంబర్లు అడ్మిన్లకు తప్ప మిగతావాళ్లకు కనబడవు.

మీ వివరాలు ఇప్పటికే ఎక్కేశాయా? తీసేయమని కార్యదర్శికి మెసేజ్ పెట్టండి. నోటిమాటగా చెబితే మర్చిపోతారు. మోసపోయి డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పెద్దమ్మ డబ్బు పంపలేదు. ఇప్పుడు మా షీట్‌లో ఆమె వరసలో పేరు ఒక్కటే ఉంది. నంబరు కావాలంటే మళ్లీ కార్యదర్శి గారిని అడగాల్సిందే.