ప్యాపీ దొరకనప్పుడు రెండు వెల్లర్ల మిశ్రమం

ప్యాపీ వాన్ వింకిల్ అనే బుర్బన్ (ప్రధానంగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ) దుకాణాల్లో దాదాపు కనిపించదు, కనిపించినా ధర అందుబాటులో ఉండదు. ఇందులో మొక్కజొన్నకు తోడుగా రై ధాన్యం బదులు గోధుమ వాడటం వల్ల గొంతులో ఘాటు తగ్గి మెత్తని తీపి నిలుస్తుంది. 1935లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లూయివిల్ దగ్గర మొదలైన స్టిట్జెల్-వెల్లర్ డిస్టిలరీ పేరు తెచ్చుకున్నది ఈ పద్ధతితోనే. ఇప్పుడు కెంటకీలోనే ఉన్న డిస్టిలరీ బఫెలో ట్రేస్‌లో ప్యాపీ, మరో బ్రాండ్ అయిన వెల్లర్ రెండూ గోధుమ బుర్బన్లుగానే తయారవుతున్నాయి కనుక, ప్యాపీకి బదులుగా రెండు రకాల వెల్లర్లను కలిపే, బుర్బన్ అభిమానుల్లో చాలాకాలంగా ఉన్న ఈ కలగలుపు నాకు ఎంతో నచ్చింది.

12 ఏళ్ల వెల్లర్ (45 శాతం ఆల్కహాల్) 60 మి.లీ., వెల్లర్ యాంటిక్ 107 (53.5 శాతం) 40 మి.లీ. కొలిచి, మెడ వరకు నిండే చిన్న గాజు సీసాలో పోసి, మూత బిగించి, వెలుతురు తగలని అలమరలో రెండు వారాలు ఉంచాలి. మిశ్రమం బలం సుమారు 48.4 శాతం అవుతుంది. కలిపిన రోజు యాంటిక్ కారం విడిగా తెలుస్తుంది. రెండు వారాల తర్వాత అది చెర్రీ, పంచదార పాకం వాసనల్లో కలిసిపోయినట్లు నాకు తోచింది.

అయితే వెల్లర్ సీసాలనే అసలు ధరకు మూడు నాలుగు రెట్లు పెట్టి కొనవలసి వస్తే ఈ పద్ధతి వల్ల ఆదా ఏమీ ఉండదు. అప్పుడు సులభంగా దొరికే మేకర్స్ మార్క్ తీసుకోవడం మేలు, అదీ గోధుమ బుర్బనే.