వీల్‌చైర్ ఎక్కని కాలిబాట: తప్పు ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

బెంగళూరులో మారతహళ్లి దగ్గర మా లేఅవుట్‌లో నడకకీ సైకిళ్లకీ కలిపి ఒక బాట వేయించాం. మొదటి వారమే మా అత్తగారి వీల్‌చైర్ దాని మీదికి ఎక్కలేదు. తర్వాత మిగతావీ ఒక్కొక్కటే బయటపడ్డాయి.

ర్యాంపు ఉంది, వీల్‌చైర్ ఎక్కడం లేదు

వాలు మరీ నిటారుగా ఉందన్నమాట. 1:12 ఉండాలి. అంచు 15 సెం.మీ. ఎత్తుంటే ర్యాంపు 180 సెం.మీ. పొడవు రావాలి. మదనపల్లె నుంచి వచ్చిన మా మేస్త్రీ 60లో కానిచ్చేసి, "స్కూటర్ ఎక్కుతోంది కదా సార్" అన్నాడు! ర్యాంపు పొడిగించే చోటు లేకపోతే, అక్కడ బాటనే రెండు వైపుల నుంచీ మెల్లగా దించి రోడ్డు మట్టానికి కలపండి. కలిసే చోట అంగుళం గడప మిగిలినా వీల్‌చైర్ ముందుండే చిన్న చక్రాలు దానికి తగిలి ఆగిపోతాయి.

బైకులు ఎక్కేస్తున్నాయి

అందరూ ముందు చేసే పని దగ్గర దగ్గరగా స్తంభాలు పాతడం. మేమూ పాతాం. బైకులు ఆగాయి, అత్తగారూ ఆగిపోయారు. వీల్‌చైర్ వెడల్పు సుమారు 70 సెం.మీ., బైకు హ్యాండిలూ దాదాపు అంతే. ఒకటి పట్టే సందులో రెండోదీ పడుతుంది. అందుకని స్తంభాల మధ్య కనీసం 90, వీలైతే 120 సెం.మీ. వదలండి. కార్లు, ఆటోలు ఆగుతాయి, అంతవరకే వాటి పని. బైకుల సంగతి వేరేచోట తేలాలి. మా దగ్గర యూటర్న్ చాలా దూరం. సాయంత్రం ఇంటికొచ్చేవాళ్లు అంతదూరం తిరగలేక బాట మీద ఎదురు వచ్చేవారు. ఆ వేళకి లేఅవుట్ వెనక గేటు తెరిచి ఉంచాం. పూర్తిగా ఆగలేదు గానీ బాగా తగ్గాయి.

వాన పడితే మడుగు

అడ్డ వాలు లేదు, లేదా కింద మట్టి సరిగా దిమ్మిస చేయలేదు. 2 మీటర్ల వెడల్పుకి 4 సెం.మీ. వాలు చాలు. ఎక్కువైతే వీల్‌చైర్ కాలువ వైపు లాగేస్తుంది. బకెట్ నీళ్లు పోసి, నిలిచిన చోట సుద్దముక్కతో గీత గీయండి. అక్కడి బ్లాకులు మాత్రమే తీసి, మట్టి దిమ్మిస కొట్టి, రసమట్టం పెట్టి మళ్లీ పరిపించండి.

బ్లాకులు పైకి లేస్తున్నాయి

కానుగ చెట్టు వేరు. దాన్ని నరకొద్దు, వేసవి గాలివానకి చెట్టే పడిపోవచ్చు. మొదలు చుట్టూ మీటరు మట్టి వదిలి బాటని వంపు తిప్పండి.

కాలువ జాలీలో సైకిల్ టైరు దిగుతోంది

కడ్డీలు నడిచే దిశలోనే ఉన్నాయి. జాలీని అడ్డంగా తిప్పి బిగించాలి.

పసుపు పలకలున్నా చూపులేనివాళ్లకి దారి దొరకడం లేదు

ఈ పలకల మీది గీతలూ చుక్కలూ ఉబ్బెత్తుగా ఉండి కాలికీ కర్రకీ తగులుతాయి. గీతల పలక అంటే నడవమని, చుక్కల పలక అంటే ముందు ఏదో ఉంది ఆగమని. మా బాటలో గీతలు తిన్నగా ట్రాన్స్‌ఫార్మర్ కంచెలోకే వెళ్లాయి. కంచె జరగదు కాబట్టి గీతల్ని పక్కకి మళ్లించి, మలుపు దగ్గర చుక్కలు పెట్టించాం.